మోచేతి మడతలో చిరంజీవ

ఇలా దగ్గరికి జరుగమ్మా. ఆ ఫోను కాసేపు బోర్లించి పెట్టు. రాఘవమ్మ తన మనవరాలికి తుమ్మడం నేర్పిన సంగతి చెబుతాను. తుమ్మడం కూడా ఒకళ్ళు నేర్పాలా అని నవ్వకు, ముందు విను.

జగ్గయ్యపేటలో రాఘవమ్మ కొడుకు వీరేంద్రకు కారం మర ఉంది. ముందు వైపు మర, వెనక ఇల్లు. మాఘం వెళ్ళి కొత్త మిరపకాయ వచ్చిందంటే చందర్లపాడు వైపు నుంచి బస్తాలు దిగుతూనే ఉంటాయి. ఇక ఆ ఇంట్లో తుమ్ములకు కరువుండదు. కాయ తెచ్చినవాడు తుమ్ముతాడు, కారం పట్టుకెళ్ళేవాడు తుమ్ముతాడు, ఏ సంబంధమూ లేకుండా దారిన పోయేవాడు కూడా ఆ గుమ్మం ముందు ఓ తుమ్ము తుమ్మి పోతాడు. అయినా బయల్దేరేటప్పుడు ఎవరు తుమ్మినా రాఘవమ్మ కదలనివ్వదు. వెనక్కి వచ్చి, కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి, అప్పుడు వెళ్ళాలి. బడి పిల్లల్ని తీసుకెళ్ళే నబీ ఆటో కూడా ఆ గుమ్మం ముందు ఎన్నోసార్లు ఇంజను కట్టేసి నీళ్ళు తాగింది.

ఆ సోమవారం పొద్దున నబీ ఆటో హారను వినబడలేదు. నబీయే నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆటో సందు మలుపులో ఆగి ఉంది.

"ఏం నాయనా, నీ బండికి గొంతు పోయిందా?" అంది రాఘవమ్మ.

నబీ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నేలచూపులు చూశాడు. "అది కాదు మామ్మగారూ. పాపని ఈ వారం మీరే ఎట్టాగో బడికి దింపుకుంటే..."

"ఏం, చోటు లేదా?"

"చోటుకేం లెండి. తల్లులు ఊరుకోవట్లేదు. ఆమని మా పిల్లల మొహం మీదే తుమ్ముతంది, జలుబులూ దగ్గులూ అంటుకుంటన్నాయి అని ఒకటే గోల. ఆ పిల్లని ఎక్కించుకుంటే మావాణ్ణి ఇంకో ఆటోలో పంపిస్తానని వెంకట్ వాళ్ళమ్మ తెగేసి చెప్పింది."

"ఆహా. మిగతా పిల్లలు ముక్కులు ఇంట్లో పెట్టి వస్తన్నారా ఏంటి?"

"వాళ్ళూ తుమ్ముతారండి, నేను కాదన్నానా. వాళ్ళు ఎటో చూసి తుమ్ముతారు. మన పాప పక్కవాళ్ళ గడ్డం పట్టుకుని, తనవైపు తిప్పుకుని మరీ తుమ్ముతంది."

కోడలు అక్షయ క్యారేజీ మూత బిగిస్తూ బయటికి వచ్చింది. చిల్లకల్లులో మందుల షాపులో ఆమెకు ఉద్యోగం. బస్సు వేళవుతోంది. సీజన్లో వీరేంద్ర మర వదిలి కదలలేడు, రాఘవమ్మ మోకాళ్ళు బడిదాకా నడవనివ్వవు. పోనీ ఇంకో బండి అంటే, ఆమనికి ఆటిజం ఉంది, ఈ ఒక్క ఆటోలో, ఈ ఒక్క మూల కూర్చోవడం అలవాటు కావడానికే ఏడాది పట్టింది. ఈ ఆటో పోయిందంటే బడి పోయినట్టే.

"ఈ వారంలో నేర్పిస్తే? అప్పుడు ఎక్కించుకుంటావా అన్నా?" అంది అక్షయ.

"అయ్యో, నాకేమన్నా సరదానా అమ్మా. చెయ్యి అడ్డం పెట్టుకోవడం వస్తే చాలు. మళ్ళీ సోమవారం నేనే వచ్చి హారను కొడతా. తల్లులతో నేను మాట్లాడుకుంటా."

వాళ్ళు మాట్లాడుతుండగానే ఆమని సంచీ తగిలించుకుని గేటు దాటింది. రోజూ ఆటో ఆగే చోటుకి వెళ్ళి నిలబడింది. కుడిచేయి పైకెత్తి, ఆటోకి ఇనపకడ్డీ ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ, ఖాళీ గాలిలో గుప్పిట మూసి పట్టుకుంది. నబీ ఆ చేతివైపు ఒకసారి చూసి గబగబా సందు మలుపుకి వెళ్ళిపోయాడు.

అక్షయ షాపుకి సెలవు పెట్టి మర్నాడే ఆమనిని తీసుకుని నందిగామ బయల్దేరింది. అక్కడ మెర్లిన్ అనే టీచరు ఇలాంటి పిల్లలకు అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం లాంటివి ఓపిగ్గా నేర్పుతుంది. రాఘవమ్మా వెంట వెళ్ళింది. బస్సులో వెనక సీటు పెద్దమనిషి చిల్లకల్లు దాటిన దగ్గర్నుంచి రాఘవమ్మ మెడ మీదకే దగ్గుతూ వచ్చాడు. ఎవరూ తల తిప్పలేదు. ఆమని ఒక్కసారి తుమ్మింది, ముందు సీటావిడ చటుక్కున వెనక్కి తిరిగి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పిల్లని పైనుంచి కిందికి చూసింది.

"చిరంజీవ," అంది రాఘవమ్మ మనవరాలితో. తరవాత వెనక్కి తిరిగి ఆ పెద్దమనిషికి కూడా, "మీకూ చిరంజీవ నాయనా. ఇందాకట్నుంచీ చెబుదామనుకుంటన్నా," అంది. ఆయన దగ్గు మింగి కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాడు. అక్షయ నవ్వు ఆపుకోలేక కూతురి జడలో మొహం దాచుకుంది.

మెర్లిన్ గదిలో గోడకి పొడుగాటి అద్దం, కింద చాప. ఆమె ముందు రుమాలు ఇచ్చి చూసింది. మొహానికి బట్ట తగిలితే ఆమనికి గిట్టదు, విసిరికొట్టింది. మెర్లిన్ దాన్ని తీసి పక్కన పెట్టేసింది.

"వద్దులెండి. తన చెయ్యి తనకుందిగా. మోచేతి మడత నేర్పుదాం. ఎక్కడ పెట్టాలో తెలియడానికి అక్కడో గుర్తుండాలి."

రాఘవమ్మ కళ్ళు అద్దం మూలకి వెళ్ళాయి. ఎవరో తీసి అంటించిన స్టిక్కరు బొట్టు ఉంది అక్కడ. ఏ ఇంటి అద్దానికి మాత్రం ఉండదు. గోటితో లేవదీసి మెర్లిన్ అరచేతిలో పెట్టింది. మెర్లిన్ దాన్ని ఆమని మోచేతి లోపల, నునుపైన చోట అంటించింది. ఎర్ర బొట్టు. ఆమని దాన్ని చాలాసేపు చూసింది, పీకలేదు.

మెర్లిన్ పిల్ల వెనక కూర్చుని, ఇద్దరూ అద్దంలో కనబడేలా, ఉత్తుత్తినే "హాచ్" అంది. అంటూనే తన మోచెయ్యి ముక్కుకి తెచ్చుకుంది. మళ్ళీ "హాచ్". తరవాత వెనకనుంచి ఆమని మణికట్టు మెల్లిగా ఎత్తి బొట్టుని ముక్కుకి తాకించింది. పొగడ్తలు ఎక్కువ లేవు, మాటలు ఎక్కువ లేవు. ఒకే పని, ఒకే తీరుగా. ఒక్కోసారికి ఆమె వేళ్ళు కొంచెం కొంచెం వదులవుతూ వచ్చాయి. కాసేపటికి చెయ్యి పట్టుకోకుండానే ఆమని "హాచ్" అని బొట్టుకి ముక్కు ఆనించింది.

"ఇది ఉత్తుత్తి తుమ్ము. నిజం తుమ్ముకి రావడం వేరే సంగతి," అంది మెర్లిన్. "నిజంది వచ్చినప్పుడు వెనకనుంచి చెయ్యెత్తి సాయం చెయ్యండి. ఎదురుగా వెళ్ళి పట్టుకోకండి, భయపడుతుంది. తిట్టొద్దు. మామ్మగారూ, మీకూ చెబుతున్నానండోయ్."

"నేనెందుకు తిడతానమ్మా. నా నోటంట వచ్చేది చిరంజీవ ఒకటే," అంది రాఘవమ్మ.

మెర్లిన్ తలూపింది. ఆ మాటని ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక ఉత్తుత్తి తుమ్ములు బ్రహ్మాండంగా సాగాయి. అద్దం ముందు ఒకటి, బీరువా ముందు ఒకటి. వీరేంద్ర ఒళ్ళంతా కారంతో లోపలికి వచ్చి, "ఏదమ్మా, నాకో తుమ్ము చూపించు," అంటే కూడా చూపించింది. నిజం తుమ్ము వచ్చిందంటే మాత్రం ఎక్కడి చెయ్యి అక్కడే. గడ్డం పైకెత్తి, మొహం తెరిచి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీదే.

బుధవారం అక్షయ షాపు నుంచి పెందలాడే వచ్చింది. కూతురి వెనకే తిరుగుతోంది. మర ఆడుతుండగా ఆమని ముక్కు ముడుచుకోవడం చూసి, వెనకనుంచి మణికట్టు పట్టుకుని పైకి లేపింది. సరిగ్గా వేళకు అందింది. తుమ్ము మోచేతి మడతలోకి పోయింది. "గుడ్. వెరీ గుడ్ బంగారం," అంది అక్షయ. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆమనికి మాత్రం ఏదీ రాలేదు. తల్లి చెయ్యి వదిలించుకుని గదంతా చూసింది. వంటింట్లోకి వెళ్ళింది. అక్కడా నానమ్మ లేదు. పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో రాఘవమ్మ పట్టా మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. మణికట్ల దాకా చేతులు మండుతున్నాయి. ఆమని వచ్చి ఆవిడకి ఎదురుగా నిలబడింది. మామూలుగా ఎవరి కళ్ళలోకీ చూడని పిల్ల, నానమ్మ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. తిప్పుకుని, మొహం మీద మొహం పెట్టి, "హాచ్" అంది.

"చిరంజీవ తల్లీ, చిరంజీవ," అంది రాఘవమ్మ. ఆ మాట ఆవిడ ఆలోచించి అనేది కాదు. ఆమని పురిటి మంచం మీద తుమ్మిన మొదటి తుమ్ము నుంచీ అలా అంటూనే ఉంది.

ఆమని గడ్డం వదిలేసింది. పనైపోయినట్టు, లోపలే సన్నగా రాగం తీసుకుంటూ వెళ్ళిపోయింది.

రాఘవమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. గడ్డం పట్టుకుని తిప్పుకుంటంది అని నబీ అన్నది చెవిలో మోగింది. పక్కవాళ్ళ గడ్డం. ఆటోలో పిల్లల గడ్డాలు.

"అక్షయా," అని కేకేసింది. "ఇట్రా ఒకసారి. ఈ పిల్ల ఎవరి మీదా తుమ్మట్లేదే. తుమ్మి, చిరంజీవ కోసం చూస్తంది. ఆటోలో ఎవరూ అనరుగా. వినబడలేదేమోనని ఇంకా దగ్గరికి పోతంది."

అక్షయ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "నేను చెయ్యి అడ్డం పెట్టిస్తే మొహం కనబడదు. మొహం కనబడకపోతే ఆ మాట రాదనుకుంటంది," అంది. "అయితే అత్తయ్యా, కొన్నాళ్ళు ఆ మాట మానెయ్యండి."

"పసిపిల్ల తుమ్మితే ఏమీ అనకుండా ఊరుకోమంటావా?"

"మనసులో అనుకోండి."

మనసులో అనుకోవడం ఎంత కష్టమో గురువారం తెలిసింది. పొద్దున్నే ఆమని తుమ్మి నానమ్మ గడ్డం పట్టుకుంది. రాఘవమ్మ పెదాలు బిగించి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమని ఎదురుచూసింది. ఇంకోసారి తుమ్మింది, ఈసారి బలవంతాన. మళ్ళీ ఎదురుచూసింది. తరవాత నానమ్మ పెదాలని రెండు వేళ్ళతో విడదీయబోయింది, పెట్టె మూత తీసినట్టు. అవి తెరుచుకోకపోయేసరికి కింద కూర్చుని, చెవులు మూసుకుని ఏడవడం మొదలుపెట్టింది. మర చప్పుడుకి ఏనాడూ చెవులు మూసుకోని పిల్ల, ఆ మాట వినబడనందుకు మూసుకుంది.

రాఘవమ్మ కొంగు తీసేసింది. "చిరంజీవ, నా తల్లీ, నిండు నూరేళ్ళు," అని గబగబా బాకీ అంతా ఒకేసారి అనేసింది. ఏడుపు ఆగింది. పాఠమూ ఆగింది.

సాయంత్రం అక్షయ నందిగామకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. మెర్లిన్ జరిగిందంతా విన్నది.

"మీ ఇంట్లో తుమ్మితే మీరంతా ఏం చేస్తారని నేను ముందే అడగాల్సింది," అంది. "మామ్మగారూ, ఆ మాట మానకండి. పాపకి అంత ఇష్టమైనదాన్ని తీసేస్తే ఎట్టా? ఇవ్వండి. కాకపోతే చెయ్యి అడ్డం పెట్టాక ఇవ్వండి."

"పెట్టాక అంటే ఆగదే అమ్మా. నా మొహంలో వెతుక్కుంటది."

"అయితే ఎక్కడ వెతుక్కోవాలో మీరే చూపించాలి మరి."

ఆ రాత్రి రాఘవమ్మ ఆ మాటనే నెమరేసింది. శుక్రవారం మళ్ళీ బస్తాలు దిగాయి, మళ్ళీ పెరట్లో పట్టా, తొడిమలు. ఆమని పట్టా అంచున కూర్చుని తొడిమలన్నీ ఒకే వైపు తిప్పి వరస పేరుస్తోంది. కాసేపటికి ముక్కు ముడిచింది. అక్షయ షాపులో ఉంది. రాఘవమ్మ పిల్ల చెయ్యి ఎత్తబోయి ఆగిపోయింది. తన చేతుల నిండా కారం. ఆ చేత్తో పట్టుకుంటే పిల్ల కంట్లో నిప్పే.

ఆమని తుమ్మింది. లేచి వచ్చి, గడ్డం పట్టుకోబోయింది.

రాఘవమ్మ దగ్గర ఇక మిగిలింది నోరూ మోచెయ్యీ. ఆవిడ మండే వేళ్ళని దూరంగా చాచి, మోచెయ్యి మడిచి తన మొహానికి అడ్డం తెచ్చుకుంది. ముక్కు ఆ మడతలో దాచుకుని, "హాచ్," అంది. అక్కడే, ఆ మడత లోపలే, చెవిలో రహస్యం చెప్పినట్టు, "చిరంజీవ," అంది.

ఆమని చెయ్యి గాలిలో ఆగింది.

ఆవిడ మళ్ళీ చేసింది. "హాచ్." మడతలో, "చిరంజీవ."

ఆమని వంగి నానమ్మ మోచేతి మడతలోకి తొంగిచూసింది. చెవి ఆనించి విన్నది. పిల్ల తన చెయ్యి తిప్పి ఎర్రబొట్టు వైపు చూసుకుంది. బొట్టు అంచులు నలిగి అంటీ అంటనట్టు ఉంది. మెల్లిగా ముక్కు అక్కడ ఆనించి, "హాచ్," అంది.

రాఘవమ్మ ముందుకు వంగి, పిల్ల మోచేతికి పెదాలు దాదాపు తగిలేంత దగ్గరగా, "చిరంజీవ," అంది.

ఆమని చెయ్యి దించలేదు. ఇంకోసారి "హాచ్" అంది. ఇంకోసారి వచ్చింది ఆ మాట, అదే చోట. మోకాళ్ళు పట్టేసినా రాఘవమ్మ లేవలేదు. ఆ మధ్యాహ్నం మిరపకాయలు సగం తొడిమలతోనే మిగిలిపోయాయి. వీరేంద్ర వచ్చి, "ఏంటమ్మా, ఇంకా కాలేదా?" అంటే, "నీ కాయలెక్కడికి పోతయ్యిరా, అడ్డు లే," అంది.

శనాదివారాలు ఇంటిల్లిపాదికీ అదే పని. ఎవరికి తుమ్ము వచ్చినా మోచెయ్యి లేవాల్సిందే, మడతలో చిరంజీవ అనాల్సిందే. కాయ తెచ్చిన ఏసురత్నం అనే రైతు మామూలుగా తుమ్మబోతే వీరేంద్రే ఆయన మోచెయ్యి ఎత్తి, "మా ఇంట్లో ఇట్టా తుమ్మాలి బాబాయ్," అన్నాడు. ఆమని మొహం తెరిచి తుమ్మితే రాఘవమ్మ తిట్టలేదు, కోప్పడలేదు. తన మోచేతివైపు చూసి ఆగింది, అంతే. ఆదివారం సాయంత్రం ఆమనికి నిజం తుమ్ము వచ్చింది. గడ్డం సగం పైకి లేచింది. లేచి, ఆగి, పక్కకి వాలింది. చెయ్యే ముక్కు దగ్గరికి వచ్చింది. వంటింట్లోంచి చూస్తున్న అక్షయ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రాఘవమ్మ వంగేలోపే ఆ మడతలోంచి, చెయ్యి అడ్డుపడి చిన్నగా, "జీవ," అని వినబడింది.

ఆమని ఆ మాట అనడం ఎవరూ ఎన్నడూ వినలేదు. ఎవరూ హడావిడి చెయ్యలేదు. అక్షయ పొయ్యి కట్టేసి వచ్చి అత్తగారి పక్కన కింద కూర్చుంది.

సోమవారం హారను మోగింది. నబీ చెప్పిన మాట నిలుపుకున్నాడు గానీ మొహంలో బెదురుంది. బండిలో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. వెంకట్ వాళ్ళమ్మ స్కూటీ మీద వెంటే వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒక్క రోజు చూస్తా నబీ," అంది ఆవిడ. "నేనేం రాక్షసిని కాను. మావాడికి నెల్లాళ్ళుగా దగ్గు."

"చూడమ్మా, చూడు. కళ్ళారా చూడు," అంది రాఘవమ్మ.

ఆమని వెళ్ళి తన మూల కూర్చుంది. ఇనపకడ్డీ పట్టుకుంది. ఈసారి గుప్పిట్లోకి కడ్డీ వచ్చింది. నబీ ఇంజను వేశాడు. వీధిలోకి మర కారం ఘాటు వచ్చింది. ఆమని ముక్కు ముడిచింది.

అక్షయ అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఎత్తడానికి వెనక ఎవరూ లేరు.

కడ్డీ మీద చెయ్యి అలాగే ఉంది. రెండో చెయ్యి లేచింది. తుమ్ము మడతలోకి పోయింది. దాని వెంటే, "జీవ."

నబీ చటుక్కున ఇంజను కట్టేశాడు. అలవాటు మరి, ఆ గుమ్మం ముందు బయల్దేరేటప్పుడు తుమ్ము. సీటు దిగి నీళ్ళచెంబు కోసం చెయ్యి కూడా చాచాడు.

"ఎందుకాపావు నాయనా?" అంది రాఘవమ్మ.

"తుమ్మిందిగా మామ్మగారూ."

రాఘవమ్మ గేటు పట్టుకుని నిలబడింది. పెళ్ళిచూపులకి బయల్దేరిన కొడుకుని వెనక్కి పిలిచిన మనిషి. ఆస్పత్రికి పోయేవాళ్ళకి కూడా నీళ్ళు తాగించిన మనిషి. ఆటోలో మనవరాలి మోచెయ్యి ఇంకా మొహం దగ్గరే ఉంది.

"ఇంతకంటే మంచి శకునం నాకు ఇంకేం కావాలి? పోనియ్యి," అంది.

నబీ నవ్వి ఇంజను వేశాడు. ఆ కుదుపుకి వెంకట్‌కు దగ్గు తెర వచ్చింది, అటూ ఇటూ చూడకుండా దగ్గేశాడు. ఆమని వాడి మణికట్టు పట్టుకుని, వెనకనుంచి, మెల్లిగా ఎత్తి వాడి మొహానికి అడ్డం పెట్టింది. "జీవ," అంది. వాళ్ళమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. ఏదో అనబోయి, కొడుకు మోచెయ్యి కిందికి జారుతుంటే తనే వంగి దాన్ని సరిచేసింది.

ఇప్పుడు ఆ ఆటోలో పిల్లలంతా అలాగే తుమ్ముతారట. ఇంట్లో తన తల్లి హజరాబీ తుమ్మినప్పుడల్లా దేవుడి పేరు చెప్పుకుంటుందని, ఇప్పుడు ఆవిడచేతా మోచెయ్యి ఎత్తించానని నబీ నవ్వుతూ చెబుతాడు. ఆమని బొట్టు ఎప్పుడో రాలిపోయింది, కొత్తది అంటించాల్సిన పని పడలేదు.

అదమ్మా సంగతి. ఇక నువ్వు ఫోను చూసుకో. కానీ నీ ఎదురుగా ఏ పిల్ల అయినా మొహం తెరిచి తుమ్మితే, మూతి ముడుచుకుని పక్కకి జరిగేముందు ఈ రాఘవమ్మని ఒకసారి తలుచుకో. ఆ పిల్ల ఏ మాట కోసం చూస్తోందో అడుగు. పక్కన ఎవరన్నా విసుక్కుంటుంటే, వాళ్ళని కూడా ఇలాగే దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని, ఈ కథ మొదట్నించీ చెప్పు. మిరపకాయల చేతులు మాత్రం మర్చిపోకుండా చెప్పు.